గని నీటితో నడిచిన మిల్లు: క్రామ్‌ఫర్డ్ వాగు వెంట

ఇంగ్లండు నడిమి ప్రాంతమైన డెర్బీషైర్‌లో, డెర్వెంట్ నది సున్నపురాతి కొండలను చీల్చుకుని దక్షిణానికి మళ్ళే చోట క్రామ్‌ఫర్డ్ అనే చిన్న ఊరు ఉంది. నీటి బలంతో పత్తి నూలు వడికే కర్మాగారం నికరంగా నిలదొక్కుకున్న మొదటి చోటు ఇదే కనుక, మ్యాట్లాక్ బాత్ నుంచి డెర్బీ వరకు సుమారు 24 కిలోమీటర్ల పొడవున విస్తరించిన డెర్వెంట్ లోయ మిల్లులను 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ ఊరికే అగ్రస్థానం దక్కింది. ఇక్కడి వాగు, చెరువు, మిల్లు, కార్మికుల ఇళ్ళు, కాలువ ఒకదాని వెంట ఒకటిగా ఉండటం వల్ల, దారి చూపే మనిషి లేకుండానే ఎవరికి వారు ఒక పూటలో నడిచి చూడవచ్చు. అయితే సందర్శకుల్లో చాలామంది మిల్లు ద్వారం దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. మిల్లు ఎందుకు ఇక్కడ వెలసిందో, ఎందుకు మూగబోయిందో చెప్పేది భవనాలు కావు, నీరు. కాబట్టి ఈ నడకను నీరు వచ్చిన దిక్కు నుంచి, అంటే ఎగువ నుంచి దిగువకు సాగించడమే సబబు.

క్రామ్‌ఫర్డ్‌కు నీరు రెండు దారుల్లో వచ్చేది. మొదటిది బాన్సాల్ వాగు; పడమటి కొండల్లో పుట్టి, ఇరుకైన లోయ గుండా ఊరిలోకి దిగే ఈ వాగు గట్టున, ఇక్కడ మిల్లు కట్టించిన రిచర్డ్ ఆర్క్‌రైట్ పేరు లోకానికి తెలియక ముందు నుంచే నీటిచక్రాలు తిరిగేవి. రెండవది అసలు వాగే కాదు, మనుషులు తవ్విన సొరంగం. ఈ కొండల సున్నపురాతి పగుళ్ళలో సీసపు ఖనిజమైన గెలీనా సిరలు సిరలుగా ఉండేది. దాన్ని వెంబడించి లోతుకు పోయే కొద్దీ గనిలో నీరు ఊరి పని ఆగిపోయేది. ఆవిరి పంపులు లేని 17వ శతాబ్దంలో అందుకు ఒకే ఉపాయం ఉండేది: గనికి దిగువన ఉన్న లోయలో మొదలుపెట్టి, స్వల్పమైన వాలుతో కొండ కడుపులోకి సొరంగం తొలిచి, గని నీరు తనంతట తానే బయటికి పారేలా చేయడం. ఇలాంటి సొరంగాన్ని డెర్బీషైర్ గనివారు సఫ్ అనేవారు. క్రామ్‌ఫర్డ్ సఫ్ ఆ కాలానిదే, గని యజమానుల దృష్టిలో దాని నుంచి వచ్చే నీరు వదిలించుకోవలసిన పీడ మాత్రమే.

ఆ పీడే మిల్లుకు వరమైంది. వాన పడితే పొంగి, ఎండ కాస్తే సన్నగిల్లే కొండవాగుకు భిన్నంగా సఫ్ నీరు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే మోతాదులో వచ్చేది. వాన నీరు సున్నపురాతి పగుళ్ళలోకి ఇంకి, అక్కడ నిలిచి, నిదానంగా జారి రావడమే అందుకు కారణం. పైగా ఆ నీరు గోరువెచ్చగా ఉండేది. భూమి లోపల కొన్ని మీటర్ల లోతు దాటితే చలికాలపు, ఎండాకాలపు మార్పులు సోకవు, ఇంకా లోతుకు పోయిన నీరు కొండ వేడిని కొంత మోసుకొస్తుంది. పక్కనే ఉన్న మ్యాట్లాక్ బాత్ 20 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా ఉండే ఊటలతోనే స్నానాల ఊరుగా పేరు తెచ్చుకుంది. ఉత్తర ఇంగ్లండులో శీతాకాలం వస్తే మిల్లుల నీటికాలువలు గడ్డకట్టి చక్రాలు నిలిచిపోయే రోజుల్లో, గడ్డకట్టని నీరు దొరకడమంటే ఏడాది పొడవునా పని దొరకడమే.

1771 ఆగస్టులో ఇక్కడి స్థలాన్ని, వాగును, సఫ్ నీటిని కలిపి కౌలుకు తీసుకున్న రిచర్డ్ ఆర్క్‌రైట్ లాంకషైర్‌లోని ప్రెస్టన్‌లో 1732లో పుట్టినవాడు. వృత్తిరీత్యా క్షురకుడు, కట్టుడు జుట్టు టోపీలు తయారుచేసినవాడు. అతడు 1769లో పేటెంటు పొందిన నూలు యంత్రాన్ని మొదట నాటింగ్‌హామ్‌లో గుర్రాలతో తిప్పి చూశారు. గుర్రాలకు మేత ఖర్చు, అలసట రెండూ ఉంటాయి కనుక, డెర్బీకి చెందిన జెడిడయా స్ట్రట్, నాటింగ్‌హామ్‌కు చెందిన శామ్యూల్ నీడ్ అనే ఇద్దరు మేజోళ్ళ వ్యాపారుల పెట్టుబడితో అతడు నీటి కోసం ఈ మారుమూల లోయకు వచ్చాడు. ఆ యంత్రానికి వాటర్ ఫ్రేమ్ అనే పేరు ఇక్కడ నీటితో తిరిగిన తరువాతే స్థిరపడింది.

యంత్రం ప్రాముఖ్యం తెలియాలంటే తెలుగు తీరం దాకా ఒకసారి రావాలి. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టినప్పటి నుంచి కోరమాండల్ తీరపు అద్దకపు నూలు బట్టలు లండన్ ఇళ్ళలో పరుపుల మీదికీ, ఆడవారి గౌనుల్లోకీ చేరాయి. వాటి ధాటికి తట్టుకోలేని ఇంగ్లండు ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టడంతో, అద్దకపు నూలు బట్టల దిగుమతిని 1700 నాటి చట్టం, నూలు బట్టల వాడకాన్నే చాలావరకు 1721 నాటి చట్టం నిషేధించాయి. అప్పటికి ఇంగ్లండులో పత్తి వడికేవారు లేకపోలేదు. కానీ వారి చేతినూలు మగ్గం మీద నిలువుగా లాగి కట్టే పడుగుకు సరిపడా గట్టిగా ఉండేది కాదు. పడుగు పోగులు నేత సాగినంత సేపూ బిగువుగా ఉండి, పన్నె రాపిడిని ఓర్చుకోవాలి. అడ్డంగా పోయే పేకకు అంత బలం అవసరం లేదు. అందువల్ల అక్కడ పడుగుకు నార నూలు, పేకకు పత్తి నూలు వేసి ఫస్టియన్ అనే సంకరపు బట్ట నేసేవారు. పడుగూ పేకా రెండూ పత్తివే అయిన బట్ట తెలుగు నేతగాడికి నిత్యకృత్యం, ఇంగ్లండు నేతగాడికి అందని పండు.

వాటర్ ఫ్రేమ్ తీర్చిన కొరత ఇదే. రాట్నం మీద వడికే మనిషి ఒక చేత్తో ఏకును పట్టుకుని వెనక్కి లాగుతూ పోగును సన్నం చేస్తుంది, కదురు తిరుగుతూ దానికి పురి ఎక్కిస్తుంది. లాగే వేగానికీ తిరిగే వేగానికీ పొంతన కుదిర్చేది ఆమె వేళ్ళ నేర్పు. వాటర్ ఫ్రేమ్‌లో ఆ వేళ్ళ స్థానంలో జంటలు జంటలుగా రోలర్లు ఉంటాయి. కింది రోలరుకు గాళ్ళు, పై రోలరుకు తోలు తొడుగు, తోలు రోలరును అదిమి పట్టడానికి వేలాడే బరువు. వరుసలోని ప్రతి జంట తన ముందున్న జంట కంటే వేగంగా తిరగడం వల్ల, వాటి మధ్య నుంచి పోయే దూదిపోగు మెట్టు మెట్టుగా సాగి సన్నబడుతుంది. చివరి జంట నుంచి బయటపడగానే ఫ్లయర్ అనే రెక్కలున్న కదురు దానికి పురి ఎక్కించి బాబిన్‌కు చుడుతుంది. ఇందులో కీలకం రోలర్ల వేగం కంటే వాటి మధ్య దూరం. రెండు జంటల మధ్య దూరం పత్తి పీచు పొడవు కంటే తక్కువైతే ఒకే పీచును రెండు జంటలూ పట్టుకుని తెంపేస్తాయి. మరీ ఎక్కువైతే మధ్యలో ఏ పట్టూ లేని పీచులు తేలిపోయి నూలు ఒకచోట ముద్దగా, ఒకచోట పల్చగా వస్తుంది. పీచు పొడవుకు కాస్త మించి దూరం ఉంచినప్పుడే పీచులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారి సమంగా సాగుతాయి. రోలర్లతో వడకడం అనే ఆలోచన ఆర్క్‌రైట్‌ది కాదు. లూయిస్ పాల్, జాన్ వ్యాట్ 1738లోనే దానికి పేటెంటు పొందారు, వారి యంత్రాలతో నార్తాంప్టన్‌లో నీటితో నడిచిన మిల్లు కూడా నిలదొక్కుకోలేదు. వారు సాధించలేనిది సరైన దూరం, సరైన బరువు అనే ఈ చిన్న కొలతల్లోనే ఉందని సాంకేతిక చరిత్రకారులు భావిస్తారు.

పీచులు బారుగా, ఒకే దిశలో లేకపోతే రోలర్లు ఎంత బాగున్నా ఫలితం ఉండదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, పీచులను చక్కబరిచి, అతి సన్నని నూలు వడికే పద్ధతి ఈ సూత్రం మీదే ఆధారపడింది. ఆర్క్‌రైట్ అదే పనిని ముళ్ళ సిలిండర్లతో చేసే ఏకుడు యంత్రానికి 1775లో మరో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు ఏడాది, ఇంగ్లండులో వడికిన నూలుతో నేసిన అచ్చమైన పత్తిబట్టకు పాత నిషేధం నుంచి మినహాయింపు కావాలని పార్లమెంటుకు అర్జీ పెట్టి, దాన్ని 1774 చట్టంగా సాధించాడు. స్వదేశపు బట్టను దిగుమతి బట్ట నుంచి వేరుగా గుర్తించడానికి అంచులో మూడు నీలి దారాలు నేయాలని ఆ చట్టం షరతు పెట్టింది. బందరు అద్దకాన్ని ఆపడానికి కట్టిన గోడలో తన కోసం తలుపు తెరిపించుకున్నాడన్నమాట.

ఇక నడకలోకి వస్తే, ఊరి మధ్యన గ్రేహౌండ్ చెరువు కనిపిస్తుంది. బాతులు, ఒడ్డున ఇళ్ళ వరుస, వెనక సున్నపురాతి చరియ ఉన్న ఈ చెరువును విహారానికి తవ్వించారనుకునేవారే ఎక్కువ. నిజానికి ఇది మిల్లుకు నీరు నిలవ చేసిన తొట్టి. దీనికి కొద్ది దూరంలో ఒక కాలిబాట పక్కన, కంచె వేసిన కోలాకారపు రాతిగుంట ఉంటుంది. ఎలుగుబంటి గుంట అని దానికి పేరు పడినా అందులో ఎలుగుబంట్లను ఎన్నడూ ఉంచలేదు. 1785లో ఆర్క్‌రైట్ సఫ్ మీద ఇక్కడ చిన్న అడ్డుకట్ట కట్టించాడు. మిల్లు నడిచే రోజుల్లో తూము తెరిచి ఉంచితే నీరు నేరుగా కిందికి పోయేది, ఆదివారం మిల్లు ఆగినప్పుడు తూము మూస్తే నీటిమట్టం గుంటలో పైకి లేచి, భూగర్భపు కాలువ గుండా చెరువులోకి మళ్ళేది. సెలవునాటి నీరు కూడా వృథా పోకుండా వారపు పనికి దాచుకునే ఏర్పాటు ఇది. పైకి రాళ్ళు పేర్చిన ఒక గొయ్యిలా కనబడే ఈ కట్టడం, మిల్లు భవనం కంటే ఎక్కువగా దాని యజమాని బుద్ధిని పట్టిస్తుంది.

నీటిని అలా పొదుపు చేయడానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. నీటిచక్రం ఇచ్చే శక్తి సెకనుకు వచ్చే నీటి పరిమాణం మీద, ఆ నీరు పడే ఎత్తు మీద ఆధారపడుతుంది. రెండింటిలో ఏది రెట్టింపైనా శక్తి రెట్టింపవుతుంది. ఉదాహరణకు సెకనుకు 100 లీటర్ల నీరు 5 మీటర్ల ఎత్తు నుంచి పడితే, లెక్క ప్రకారం సుమారు 4.9 కిలోవాట్ల శక్తి లభించాలి. అందులో చక్రానికి అందేది ఎంత అన్నది చక్రం రకాన్ని బట్టి ఉంటుంది. ఇంజనీరు జాన్ స్మీటన్ చిన్న నమూనా చక్రాలతో జాగ్రత్తగా ప్రయోగాలు చేసి, 1759లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో, అడుగున ప్రవాహం తోసే చక్రం కంటే పైనుంచి తొట్లలోకి నీరు పడే చక్రం రెండింతలు పని చేస్తుందని నిరూపించాడు. మొదటి దానిలో నీటి వేగం రెక్కలకు కొట్టుకుని చెదిరిపోతుంది, రెండవదానిలో నీటి బరువు చక్రాన్ని నెమ్మదిగా కిందికి దించుతుంది. అంతకు ముందు లెక్కల పండితులు సిద్ధాంతంతో తేల్చిన దాన్ని ఒక ఇంజనీరు తూకంతో, గడియారంతో సరిదిద్దడం ఇంజనీరింగు చరిత్రలో మెచ్చుకోదగిన ఘట్టం. నీరు కొద్దిగా, వాలు ఎక్కువగా ఉన్న క్రామ్‌ఫర్డ్ లాంటి చోట ఈ తేడాయే లాభనష్టాలను నిర్ణయించేది.

చెరువు నుంచి సంత కూడలికి వస్తే 1778 నాటి గ్రేహౌండ్ సత్రం, దానికి కొంత ఎగువన 1776లో కట్టిన నార్త్ స్ట్రీట్ కనిపిస్తాయి. ఎదురెదురుగా బారులు తీరిన ఈ మూడంతస్తుల రాతి ఇళ్ళను చూసేటప్పుడు తల ఎత్తి పై అంతస్తును చూడాలి. అక్కడ అడ్డంగా సాగిన పొడవాటి కిటికీలు, కొన్నిచోట్ల తరువాత రాళ్ళతో పూడ్చినా, జాడ తెలుస్తూనే ఉంటాయి. భార్యా పిల్లలు మిల్లులో నూలు వడుకుతుంటే మగవాడు ఇంటి మీది గదిలో, ఆ కిటికీల వెలుగులో మగ్గం నేసేవాడు. పనివారిని రప్పించడానికి ఇళ్ళు కట్టి ఇవ్వడం ఔదార్యంగా కొందరు రాస్తారు. మారుమూల లోయకు పెద్ద కుటుంబాలను, అంటే ఎక్కువ మంది పిల్లలను రప్పించే మార్గం అంతకంటే వేరే లేదు. ఏడేళ్ళ పిల్లలు కూడా పనిచేసిన ఆ మిల్లులో యంత్రాలు 12 గంటల షిఫ్టులు రెండింటితో రేయింబవళ్ళు తిరిగేవి. డెర్బీకి చెందిన చిత్రకారుడు జోసెఫ్ రైట్ ఈ మిల్లులను రాత్రివేళ, కిటికీలన్నీ దీపాలతో వెలుగుతుండగా చిత్రించాడు. ఆ వెలుగు వెనక నిద్ర చెడిన పిల్లలు ఉన్నారన్నది చిత్రంలో కనిపించదు.

రహదారి దాటి మిల్లు వీధిలోకి దిగగానే దారికి అడ్డంగా తలపైన పోతపోసిన ఇనుప నీటితొట్టి ఉంటుంది. సఫ్ నీటిని వీధి దాటించి చక్రం మీదికి చేర్చడానికి మొదట వాడిన కొయ్య దోనె స్థానంలో 1821లో దీన్ని అమర్చారు. 1771 నాటి మొదటి మిల్లు ఇప్పటికీ నిలిచి ఉంది, అయితే అప్పటి అయిదంతస్తుల్లో పై రెండూ ఇప్పుడు లేవు. 1776లో కట్టిన రెండవ మిల్లు 1890లో కాలిపోగా పునాది గుర్తులే మిగిలాయి. గాలిలో తేలే దూది, నూనె ఓడే కొయ్య నేల, దీపాలు కలిసినచోట అగ్గి రాజుకోవడం ఆ కాలపు మిల్లులన్నిటికీ ఉన్న గండమే. దిగువన బెల్పర్‌లో తన మిల్లు కాలిపోయాక విలియం స్ట్రట్ 1804లో ఇనుప స్తంభాలు, ఇటుక కమానులతో మళ్ళీ కట్టింది ఈ గండం తప్పించుకోవడానికే. నేటి ఎత్తైన ఇనుప చట్రపు భవనాలకు పూర్వీకుల్లో ఆ కట్టడం ఒకటి.

వీధి వైపున్న గోడల కింది భాగంలో కిటికీలు లేకపోవడం మిల్లుకు కోట రూపాన్ని ఇచ్చింది. 1779లో లాంకషైర్‌లోని బర్కేకర్‌లో ఆర్క్‌రైట్ మిల్లును, పని పోయిన చేతివృత్తులవారి గుంపు ధ్వంసం చేసింది. క్రామ్‌ఫర్డ్ యాజమాన్యం కూడా అలాంటి రోజుకు సిద్ధంగా ఉండేది. ప్రత్యర్థులు గుంపులుగా వచ్చి చేయలేనిది కోర్టులో చేశారు. రోలర్ల ఆలోచన థామస్ హైస్ అనే పనివాడిదని, గడియారాల పనివాడు జాన్ కే ద్వారా అది ఆర్క్‌రైట్‌కు చేరిందని సాక్ష్యాలు రావడంతో 1785లో అతడి 1775 నాటి పేటెంటు రద్దయింది. మరుసటి ఏడాది రాజు అతడికి సర్ బిరుదు ఇచ్చాడు. ఈ రెండు సంఘటనలూ న్యాయమైనవేనని అనిపిస్తుంది: యంత్రంలోని భాగాలు ఇతరులవి, వాటిని నీటితో, భవనంతో, గంట మోగితే వచ్చే కార్మికులతో ఒక వ్యవస్థగా కూర్చిన ఘనత అతడిది. పేటెంటు పోయాక ఆ వ్యవస్థ ఎవరైనా అనుకరించదగినదైంది. జెడిడయా స్ట్రట్ దగ్గర పని నేర్చిన శామ్యూల్ స్లేటర్ 1789లో అమెరికాకు వెళ్ళి రోడ్ ఐలండ్‌లోని పాటకెట్‌లో నూలు యంత్రాలు నెలకొల్పాడు. జర్మనీలో రాటింగెన్ దగ్గర అప్పటికే వెలసిన నూలుమిల్లుకు క్రామ్‌ఫర్డ్ అనే పేరే పెట్టారు.

ఆర్క్‌రైట్ తాను కూడా చిన్న వాగుకు పరిమితి ఉందని గ్రహించి, 1783లో కొద్దిదూరంలో మాసన్ మిల్లును నేరుగా డెర్వెంట్ నది మీదే కట్టించాడు. ఎర్ర ఇటుకతో, అలంకారపు కిటికీలతో ఉన్న ఆ భవనం ఠీవిగా ఉన్నా, వాగు కథ చెప్పేటప్పుడు దాన్ని పక్కన పెట్టవచ్చు.

వాగు మిల్లు పతనానికి బీజం మిల్లు పుట్టిన మరుసటి ఏడాదే పడింది. 1772లో గని యజమానులు మరింత లోతున్న ఖనిజం కోసం, క్రామ్‌ఫర్డ్ సఫ్ కంటే దిగువ మట్టంలో మీర్‌బ్రూక్ సఫ్ అనే కొత్త సొరంగం మొదలుపెట్టారు. గట్టి రాతిలో అది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ముందుకు సాగింది. భూగర్భజలం ఎప్పుడూ తనకు దొరికిన అతి దిగువ ద్వారం వైపే పోతుంది కనుక, కొత్త సొరంగం కొండ లోపలికి చొచ్చుకుపోయే కొద్దీ పాత సఫ్ ఎండిపోసాగింది. తాము కౌలుకు తీసుకుని, తరాలుగా వాడుకున్న నీటిని గనివారు లాగేసుకోకూడదని ఆర్క్‌రైట్ వారసులు దావా వేశారు. ఆర్క్‌రైట్, గెల్ కుటుంబాల పేర్లతో నిలిచిపోయిన ఆ 1839 తీర్పు నీటి హక్కుల న్యాయశాస్త్రంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. సహజమైన వాగు ఒడ్డున ఉన్నవాడికి ఆ ప్రవాహం మీద హక్కు ఉంటుంది కానీ, గని అవసరం కోసం తాత్కాలికంగా తవ్విన కృత్రిమ ప్రవాహాన్ని ఎన్నేళ్ళు వాడుకున్నా, దాన్ని ఎల్లకాలం పారించమని గనివారిని నిర్బంధించే హక్కు పుట్టదని కోర్టు తేల్చింది. తర్కరీత్యా తీర్పులో వంక పెట్టడానికి లేదు; ఏ నీటిని నమ్మి మిల్లు కట్టారో ఆ నీరు ఇంకొకరి చెత్త మాత్రమేనన్న నిజాన్ని అది చట్టం భాషలో చెప్పింది.

నష్టపోయింది మిల్లు ఒక్కటే కాదు. మిల్లు గేటు ఎదురుగా మొదలయ్యే, 1790ల్లో విలియం జెసప్, బెంజమిన్ ఔట్రమ్ నిర్మించిన క్రామ్‌ఫర్డ్ కాలువ కూడా ఇదే నీటితో నిండేది. కాలువ గట్టున రెండు కిలోమీటర్లకు అటూ ఇటూగా నడిస్తే లీవుడ్ పంపుహౌసు ఎత్తైన పొగగొట్టంతో ఎదురవుతుంది. సఫ్ నీరు తగ్గిపోయిన తరువాత, డెర్వెంట్ నది నుంచి కాలువలోకి నీరు తోడటానికి 1849లో ఆవిరియంత్రంతో దీన్ని కట్టవలసి వచ్చింది. కొండ లోపలి నుంచి ఉచితంగా వచ్చిన నీటిని బొగ్గు కాల్చి పైకి ఎత్తుకోవలసిన రోజు వచ్చిందన్నమాట.

నూలు వడకడం ఆగిపోయాక పాత మిల్లు పలు చేతులు మారి, 20వ శతాబ్దంలో చాలాకాలం రంగుల తయారీకి వాడటంతో, గోడలూ నేలా సీసం, క్రోమియం సమ్మేళనాలతో విషపూరితమయ్యాయి. ఆర్క్‌రైట్ సొసైటీ 1979లో కొని శుభ్రపరచడం మొదలుపెట్టకపోతే ఈ ఆవరణను కూల్చి ఉండేవారు.

ఇంగ్లండులో చదువుకో, ఉద్యోగానికో ఉంటున్న తెలుగువారికి ఈ నడక అందుబాటులోనే ఉంది. డెర్బీ నుంచి మ్యాట్లాక్ వైపు పోయే రైలులో అరగంట ప్రయాణం చాలు. స్టేషన్లో దిగి నది దాటగానే మిల్లు పిలుస్తుంది కానీ, దాన్ని దాటిపోయి ఊరిలోని చెరువు, ఎలుగుబంటి గుంట చూసుకుని, నీటితో పాటు కిందికి దిగి రావడం మంచిది. గుంట దగ్గర సూచన ఫలకం కంటికి ఆనకపోతే ఊరివారిని అడిగితే చూపిస్తారు.